మందు రాసేముందు జీన్ టెస్ట్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫార్మకోజెనోమిక్స్, లేదంటే పొట్టిగా పీజీఎక్స్ అని రిపోర్టుల మీద కనిపించే టెస్టుల గురించి పేషెంట్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు, ఫార్మ్-డీ చదివే పిల్లలు పదేపదే అడిగేవన్నీ ఒకచోట పెట్టాను. చాలా ప్రశ్నలు తిరిగి తిరిగి ఒకే గొడవ దగ్గరికి వస్తాయి: ల్యాబ్‌కో పద్ధతి, రిపోర్టుకో భాష. ముందే ఒక మాట, ఇది చదివి సొంతంగా మందు ఆపడం, డోసు తగ్గించడం చెయ్యొద్దు, డాక్టర్ గారితో మాట్లాడాకే ఏదైనా.

ఈ టెస్ట్ అసలు ఏం చెప్తుందండీ? జబ్బు వస్తుందో రాదో చెప్తుందా?

చెప్పదు. మీ ఒంట్లో ఫలానా మందు ఎలా నడుస్తుంది అన్నది మాత్రమే చెప్తుంది, అదీ కొన్ని మందుల విషయంలోనే. క్లోపిడోగ్రెల్ తీసుకోండి, గుండెకి స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది. మింగినప్పుడు అది ఇంకా పనిచేసే మందు కాదు, లివర్‌లో సివైపి2సి19 అనే ఎంజైమ్ దాన్ని మార్చితేనే పని మొదలవుతుంది. ఆ ఎంజైమ్ తయారుచేసే జీన్ రెండు కాపీలూ పాడైనవాళ్లు రోజూ టైమ్‌కి మాత్ర వేసుకున్నా లోపల జరగాల్సింది సరిగ్గా జరగదు. నొప్పికి ఇచ్చే కొడీన్‌ది ఇంకో కథ, సివైపి2డి6 అనే ఇంకో ఎంజైమ్ మరీ స్పీడుగా ఉన్నవాళ్లలో అది ఒక్కసారిగా ఎక్కువ మార్ఫిన్‌గా మారిపోతుంది. టాన్సిల్ ఆపరేషన్ తర్వాత కొడీన్ ఇచ్చిన పిల్లలు కొందరు చనిపోవడంతో అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ 2013లో గట్టి హెచ్చరిక పెట్టింది, 2017లో 12 ఏళ్లలోపు పిల్లలకి వాడొద్దనే చెప్పేసింది.

ఇన్నేళ్లూ జీన్ టెస్టులు లేకుండానే వైద్యం నడిచింది కదా, ఇప్పుడు కొత్తగా ఎందుకు?

నడిచింది, సైడ్ ఎఫెక్ట్ వచ్చినప్పుడు "మీ బాడీకి పడలేదు" అని మందు మార్చుకుంటూ నడిచింది. ఆ పడకపోవడంలో కొంత భాగం ముందే తెలుసుకోవచ్చని చూపించిన పెద్ద స్టడీ యూరప్‌లో చేసిన ప్రిపేర్, 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 7 దేశాలు, 6,944 మంది, ఒకేసారి 12 జీన్లు చూసే ప్యానెల్. మందుకి సంబంధించిన జీన్‌లో తేడా ఉన్నవాళ్లని చూస్తే, జీన్ చూసి మందిచ్చిన గ్రూపులో 21 శాతం మందికి చెప్పుకోదగ్గ సైడ్ ఎఫెక్ట్స్ వచ్చాయి, మామూలుగా ఇచ్చిన గ్రూపులో 27.7 శాతం మందికి. పేషెంట్లకీ డాక్టర్లకీ ఎవరు ఏ గ్రూపో తెలుసు కాబట్టి కొంత తేడా అలా వచ్చుండొచ్చని విమర్శ ఉంది, సబబైన విమర్శే. నాకు మాత్రం అందులో నచ్చింది వేరే: ఏడు దేశాల్లోనూ ఒకే ప్యానెల్, ఒకే గైడ్‌లైన్ వాడారు. స్లొవేనియాలో వచ్చిన రిపోర్ట్ స్పెయిన్ డాక్టర్ చదివినా అదే అర్థం వస్తుంది. మనం అడగాల్సింది అదే, అది లేకే ఈ పేజీ ఇంత పొడుగైంది.

స్టాండర్డ్ లేదు లేదు అంటారు, లేకపోవడం అంటే ఎక్కడ? మెషిన్లు మంచివి కావా?

మెషిన్లు బానే ఉన్నాయి, తిరకాసు మెషిన్‌కి ముందూ వెనకా ఉంది.

ముందు, ఏం వెతకాలి అన్న దగ్గర. ఒక జీన్‌లో పదుల కొద్దీ తేడాలు ఉంటాయి, ఒక ల్యాబ్ మూడు చూస్తుంది, ఇంకోటి పది చూస్తుంది, బిల్లు మీద మాత్రం ఇద్దరూ ఒకటే పేరు రాస్తారు. సివైపి2డి6 అయితే మరీ తలనొప్పి, దాని పక్కనే అచ్చం దాన్లాగే ఉండే సివైపి2డి7 అనే పనిచెయ్యని జీన్ ఉంటుంది, రెండూ కలిసిపోయిన కలగాపులగం కాపీలు కొందరికి ఉంటాయి, కొందరికి జీన్ మొత్తమే ఉండదు, కొందరికి మూడు నాలుగు కాపీలు ఉంటాయి. కాపీలు లెక్కపెట్టకుండా డీఎన్ఏ అక్షరాల్లో తేడాలు మాత్రమే చూసే ల్యాబ్ ఇవన్నీ మిస్ అవుతుంది.

తర్వాత పేర్లు. దొరికిన తేడాలని స్టార్ 2, స్టార్ 17 లాంటి నంబర్లతో పిలుస్తారు, ఆ నంబర్ల రిజిస్టర్‌ని ఇప్పుడు ఫార్మ్‌వార్ అనే సంస్థ చూసుకుంటోంది. ఆ పైన జీన్ రెండు కాపీలకి వచ్చిన రెండు నంబర్లని కలిపి "పూర్ మెటబొలైజర్" (ఎంజైమ్ దాదాపు పనిచెయ్యదు), "ఇంటర్మీడియట్" (కొంతే పనిచేస్తుంది), "నార్మల్" అని తేల్చడం, ఆ తేల్చినదాన్ని పట్టుకుని మందు మార్చాలా డోసు తగ్గించాలా అని చెప్పడం, ఆ చెప్పింది హాస్పిటల్ కంప్యూటర్‌లోకి సరిగ్గా ఎక్కడం. ఇన్ని మెట్లలో ఏ ఒక్కచోట ఇద్దరు వేరేగా నడిచినా చివర్లో పేషెంట్‌కి వచ్చే మాట మారిపోతుంది.

రిపోర్ట్‌లో స్టార్ 1/స్టార్ 1 అని ఉంది, అంటే నాకు ఏ తేడా లేనట్టేనా?

ఖచ్చితంగా అలా అనలేం, ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. స్టార్ 1 అంటే చాలాసార్లు "మేం వెతికినవి దొరకలేదు" అని అర్థం. ఇంట్లో రెండు గదులు వెతికి తాళాలు దొరకలేదంటే తాళాలు ఇంట్లో లేవని కాదు కదా. సివైపి2సి19లో స్టార్ 3 ఉన్న మనిషికి స్టార్ 2, స్టార్ 17 మాత్రమే చూసే ల్యాబ్‌లో చేస్తే నార్మల్ అనే వస్తుంది, ల్యాబ్ అబద్ధం చెప్పలేదు, చూడనిదాని గురించి మాట్లాడలేదు అంతే. అందుకే ఏమేం వెతికారో లిస్ట్ లేని రిపోర్ట్‌లో నార్మల్ అన్న మాటకి నేను పెద్ద విలువ ఇవ్వను.

ఒకే రిజల్ట్ 2018లో నార్మల్ అన్నారు, ఇప్పుడు ఇంటర్మీడియట్ అంటున్నారు. నా జీన్ మారిందా?

మీ జీన్ మారలేదు, లెక్క మారింది. సివైపి2డి6కి ఒక స్కోర్ వేస్తారు, ఒక్కో కాపీకి ఇంత అని. స్టార్ 1కి 1, అసలు పనిచెయ్యని స్టార్ 4కి 0. అంటే స్టార్ 1/స్టార్ 4 ఉన్నవాళ్ల స్కోర్ 1. ఆ 1ని అమెరికా వైపు గైడ్‌లైన్ రాసే సీపిక్ నార్మల్ అనేది, నెదర్లాండ్స్ వాళ్లు ఇంటర్మీడియట్ అనేవారు. అదే మనిషి, అదే రక్తం, సముద్రం దాటితే గ్రూప్ మారిపోయేది! చివరికి నిపుణులందరినీ కూర్చోబెట్టి 2020కల్లా ఒక ఒప్పందానికి వచ్చారు, 1.25 నుంచి 2.25 వరకే నార్మల్, 1 అంటే ఇంటర్మీడియట్. ఆసియాలో ఎక్కువగా కనిపించే స్టార్ 10 విలువని కూడా అప్పుడే 0.5 నుంచి 0.25కి దించారు. కాబట్టి పాత రిపోర్ట్ ఉన్నవాళ్లు మళ్లీ రక్తం ఇవ్వక్కర్లేదు, స్టార్ నంబర్లు రాసి ఉంటే కొత్త లెక్క ప్రకారం మళ్లీ చదివించుకుంటే చాలు. నంబర్లు లేకుండా "నార్మల్" అని ఒక్క మాట రాసిన రిపోర్ట్ అయితే చేసేదేం లేదు, మళ్లీ డబ్బులు కట్టి చేయించుకోవాల్సిందే, అందుకే ఆ ఒక్క మాట రిపోర్టులంటే నాకు చిరాకు.

ఈ రూల్స్ ఎవరు పెడతారు? గవర్నమెంటా?

ఎక్కువగా కాదు, నిపుణుల గుంపులు. సీపిక్ 2009లో మొదలైంది, ఏ జీన్‌కి ఏ మందు, రిజల్ట్ ఇలా ఉంటే ఏం చెయ్యాలి అని ఫ్రీగా అందరికీ పెడుతుంది. టెస్ట్ చేయించాలా వద్దా అని మాత్రం అది చెప్పదు, రిజల్ట్ చేతిలో ఉంటే ఏం చెయ్యాలో చెప్తుంది, ఈ తేడా చాలామంది గమనించరు. నెదర్లాండ్స్ ఫార్మసిస్టుల సంఘం 2005లోనే ఒక గ్రూప్ పెట్టింది. ల్యాబ్‌లు కనీసం ఏ తేడాలు చూడాలి అన్నది అమెరికాలోని అసోసియేషన్ ఫర్ మాలిక్యులర్ పాథాలజీ 2018 నుంచి ఒక్కో జీన్‌కి చెప్పుకుంటూ వస్తోంది, టైర్ 1 అంటే తప్పకుండా చూడాల్సినవి, టైర్ 2 అంటే వీలైతే చూడండి అనేవి. సివైపి2సి19కి టైర్ 1లో స్టార్ 2, 3, 17 ఉన్నాయి. టైర్ 1లో చేరాలంటే ఆ తేడా వల్ల ఎంజైమ్ ఏమవుతుందో స్పష్టంగా తెలియాలి, ఏదో ఒక జనాభాలో చెప్పుకోదగ్గంత ఉండాలి, ల్యాబ్‌లు తమ టెస్ట్ సరిచూసుకోడానికి రిఫరెన్స్ శాంపిల్ దొరకాలి. ఆ రిఫరెన్స్ శాంపిల్స్ పని అమెరికా సీడీసీ ఆధ్వర్యంలో నడుస్తుంది, రిజల్ట్ ముందే తెలిసిన డీఎన్ఏ అన్నమాట, మీ మెషిన్ కూడా అదే చెప్పిందా లేదా అని చూసుకోవచ్చు.

మన దేశంలో ల్యాబ్‌ల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చేది ఎన్ఏబీఎల్, ల్యాబ్‌కి ఆ గుర్తింపు ఉందా అని అడగొచ్చు, అడగాలి కూడా. కాకపోతే గుర్తింపు ఆ ల్యాబ్ మొత్తానికి ఉందా, ఈ టెస్ట్‌కి కూడా వర్తిస్తుందా అన్నది వేరే ప్రశ్న, స్కోప్ లిస్ట్‌లో ఈ టెస్ట్ పేరు చూపించమనండి.

ఇవన్నీ తెల్లవాళ్ల లెక్కలు కదా, మనకి సరిపోతాయా?

కొన్ని సరిపోతాయి, కొన్ని చోట్ల దెబ్బతింటాం. మంచి ఉదాహరణ అజాథియోప్రిన్, పేగుల వాపు జబ్బులకి, కొన్ని కీళ్ల జబ్బులకి వాడతారు. కొందరికి దీనివల్ల తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. పాశ్చాత్య దేశాల్లో దీనికి చాలాకాలం టీపీఎంటీ అనే జీన్ మాత్రమే చూసేవారు, ఎందుకంటే అక్కడివాళ్లలో గొడవ ఎక్కువగా దానిది. మనవాళ్లలో నుడ్‌టీ15 అనే ఇంకో జీన్‌లో తేడా దానికంటే ఎక్కువ. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ డాక్టర్లు వెయ్యి మందికి పైగా పేషెంట్లని చూసి 2020లో ఇదే చెప్పారు. అంటే టీపీఎంటీ ఒక్కటే చేసి "సేఫ్" అని రాసిచ్చిన రిపోర్ట్ నెదర్లాండ్స్‌లోని లీడెన్‌లో ఉన్న మనిషికి చాలావరకు పనికొస్తుందేమో గానీ లింగంపల్లిలో ఉన్న మనిషికి సగం రిపోర్టే.

క్యాన్సర్‌లో వాడే 5-ఎఫ్‌యూ, కాపెసిటబిన్ సంగతీ అంతే. ఈ మందుల్ని ఒంట్లో విరగ్గొట్టేది డీపీడీ అనే ఎంజైమ్, దాన్ని తయారుచేసే డీపీవైడీ జీన్‌లో మామూలుగా చూసే నాలుగు తేడాలు ఎక్కువగా యూరోపియన్లలో దొరికినవి. ఆ నాలుగూ లేవంటే రిస్క్ తగ్గుతుంది, సున్నా అవ్వదు.

మన డేటా లేదని ఇక అనుకోనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ వాళ్ల ఇండిజెన్ ప్రాజెక్ట్‌లో 1,029 మంది జీనోమ్ (మొత్తం డీఎన్ఏ) చదివారు, జీనోమ్ ఇండియా ప్రాజెక్ట్‌లో 10,000 మందిది పూర్తయి 2025 జనవరిలో డేటా రిసెర్చర్లకి అందుబాటులోకి వచ్చింది. ఇప్పుడు కావాల్సింది ఎవరో ఒకరు కూర్చుని, ఇండియాలో అమ్మే ప్యానెల్‌లో కనీసం ఇవి ఉండాలి అని ఒక లిస్ట్ కట్టి, దాన్ని అందరితో పాటింపచెయ్యడం.

ఆర్యవైశ్యులకి మత్తు ఇచ్చేముందు డాక్టర్లు కులం అడుగుతారట, నిజమా?

నిజమే, ఇది మన తెలుగు రాష్ట్రాలకి బాగా దగ్గరి సంగతి. ఆపరేషన్‌కి ముందు గొంతులో ట్యూబ్ వేయడానికి కండరాలు వదులు చేసే సక్సినైల్‌కోలిన్ ఇస్తారు, మామూలుగా కొన్ని నిమిషాల్లో దాని పని అయిపోతుంది. దాన్ని విరగ్గొట్టేది రక్తంలో ఉండే బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్. అది లేనివాళ్లకి ఊపిరి కండరాలు గంటల తరబడి కదలవు, అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాలి. వైశ్య కమ్యూనిటీలో ఈ లోపం మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు వంద రెట్లు ఎక్కువ. తరతరాలుగా లోపలే పెళ్లిళ్లు జరగడం వల్ల, పూర్వం ఎవరో కొద్దిమందిలో ఉన్న ఒక్క తేడా ఇలా పెరిగిపోయింది. హైదరాబాద్ సీసీఎంబీ సైంటిస్ట్ తంగరాజ్, హార్వర్డ్ డేవిడ్ రైక్ బృందం 2017లో రాసిన పేపర్‌లో దక్షిణాసియాలో ఇలాంటి చిన్న గుంపులు చాలా ఉన్నాయని చెబుతూ దీన్నే ఉదాహరణగా ఇచ్చారు.

అనస్థీషియా డాక్టర్ గారు అడిగితే ఏమీ అనుకోకుండా చెప్పండి, మీ మంచికే. కానీ కులం పేరు అడగడం టెస్ట్ కాదు. పేషెంట్ స్పృహలో లేకపోవచ్చు, వేరే కులంలో పుట్టినవాళ్లకీ ఈ లోపం ఉండొచ్చు. ప్లాన్ చేసుకున్న ఆపరేషన్ అయితే ముందే రక్తంలో ఎంజైమ్ లెవెల్ చూసుకోవచ్చు, జీన్ దాకా వెళ్లక్కర్లేదు కూడా. ఇంట్లో ఎవరికైనా మత్తు తర్వాత ఆలస్యంగా ఊపిరి వచ్చిన చరిత్ర ఉంటే ఆ మాట తప్పకుండా చెప్పండి. బయటి డేటా చూసి కట్టిన ప్యానెల్‌లో ఈ తేడా ఉందో లేదో మాత్రం మీరే అడిగి తెలుసుకోవాలి.

వార్ఫరిన్‌కి జీన్ టెస్ట్ దండగ అని తేలిపోయింది కదా?

వార్ఫరిన్ కూడా రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేదే. 2013లో దాని మీద ఒకేసారి రెండు స్టడీలు వచ్చాయి, యూరప్‌ది ఉపయోగం ఉందంది, అమెరికాది లేదంది. అమెరికా స్టడీలో నల్లజాతివాళ్లకి జీన్ లెక్క వాడితే ఇంకా అధ్వానంగా ఉంది, ఎందుకంటే వాళ్లలో ముఖ్యమైన తేడాలు ఆ లెక్కలో లేవు. మందుకి జీన్‌తో సంబంధం లేక కాదు, లిస్ట్‌లో ఆ మనుషులు లేక. మన దగ్గర వార్ఫరిన్ కంటే అదే రకం మందు అసిట్రోమ్ ఎక్కువ రాస్తారు, దానికైనా దీనికైనా ఐఎన్ఆర్ (రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే టెస్ట్) చూసుకుంటూ డోసు సర్దడం ఎలాగూ ఉంటుంది కాబట్టి టెస్ట్ లేకపోతే కొంపలేం మునగవు.

డిప్రెషన్ మందులకి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గడుల రిపోర్ట్ ఇచ్చారు. ఎరుపులో ఉన్న మందు నాకు బాగా పనిచేస్తోంది, ఆపెయ్యాలా?

ఆపొద్దు. పనిచేస్తున్న మందుని రంగు చూసి ఆపడం కంటే తెలివితక్కువ పని లేదు. ఆ రంగులు ఎక్కువగా కంపెనీల సొంత ఫార్ములా, ఏ జీన్‌కి ఎంత బరువు ఇచ్చారో బయటికి చెప్పరు, అందుకే ఒక కంపెనీ ఆకుపచ్చ ఇంకో కంపెనీలో పసుపు అవుతుంది. 2018 అక్టోబర్‌లో ఎఫ్‌డీఏ ఇలాంటి చాలా టెస్టుల మాటలకి సరైన రుజువు లేదని జనాన్ని హెచ్చరించింది, ముఖ్యంగా డిప్రెషన్ మందుల పేరే చెప్పి. 2022లో అమెరికా మాజీ సైనికులు 1,944 మంది మీద వచ్చిన స్టడీలో డాక్టర్లు జీన్‌కి సరిపడని మందులు రాయడం తగ్గింది, జబ్బు పూర్తిగా తగ్గడంలో లాభం మాత్రం చిన్నది, 24 వారాలకి అదీ నిలవలేదు. సివైపి2సి19తో ఎస్సిటలోప్రామ్, సివైపి2డి6తో పారోక్సెటిన్ లాంటి జంటలకి గైడ్‌లైన్ ఉంది, అంతవరకు వాడుకోండి.

మా నాన్నగారికి స్టెంట్ వేశారు, క్లోపిడోగ్రెల్ రాశారు. టెస్ట్ చేయించాలా?

గుండె డాక్టర్ల పెద్ద గైడ్‌లైన్లు ఏవీ అందరికీ రొటీన్‌గా చెయ్యమనలేదు. కానీ మనవాళ్లలో సివైపి2సి19 సరిగ్గా పనిచెయ్యనివాళ్లు ఎక్కువ, బ్రిటన్‌లో ఉండే బంగ్లాదేశ్, పాకిస్తాన్ మూలాలవాళ్లని చూస్తే సగం మందికి పైగా ఇంటర్మీడియట్ గానీ పూర్ గానీ అని తేలింది. పక్షవాతం తర్వాత క్లోపిడోగ్రెల్ ఇచ్చేముందు ఈ టెస్ట్ చెయ్యమని ఇంగ్లండ్‌లో ఏ వైద్యం వాడాలో సూచించే సంస్థ నైస్ 2024లో చెప్పింది. హవాయి రాష్ట్రమైతే ఆసియా, పసిఫిక్ మూలాలవాళ్లకి ఈ సంగతి సరిగ్గా చెప్పలేదని కంపెనీల మీద కేసు వేస్తే 2024లో కోర్టు 91.6 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. పూర్ అని వస్తే ప్రాసుగ్రెల్, టికాగ్రెలార్ ఉన్నాయి, కాకపోతే వాటితో బ్లీడింగ్ రిస్క్ ఎక్కువ, ఇంతకుముందు పక్షవాతం వచ్చినవాళ్లకి ప్రాసుగ్రెల్ ఇవ్వరు. డాక్టర్ గారిని అడగండి, ఇప్పటికే టికాగ్రెలార్ రాసి ఉంటే ఈ టెస్ట్‌తో పని లేదు.

టెస్ట్ లేకుండా అస్సలు మొదలుపెట్టకూడని మందులు ఉన్నాయా?

హెచ్ఐవీకి ఇచ్చే అబాకవిర్, హెచ్ఎల్ఏ-బి స్టార్ 57:01 అనే జీన్ తేడా ఉందో లేదో చూడకుండా మొదలుపెట్టకూడదు. మూర్ఛకి ఇచ్చే కార్బమజెపిన్‌కి ఆసియా మూలాలవాళ్లలో హెచ్ఎల్ఏ-బి స్టార్ 15:02 చూడమని ఎఫ్‌డీఏ 2007 నుంచి చెప్తోంది, అది ఉన్నవాళ్లకి ఒళ్లంతా కాలినట్టు చర్మం ఊడిపోయే రియాక్షన్ రావచ్చు. కొన్నేళ్లుగా ఏ గొడవా లేకుండా వాడుతున్నవాళ్లు ఇది చదివి కంగారుపడొద్దు, ఆ రియాక్షన్ దాదాపు ఎప్పుడూ మొదటి కొన్ని నెలల్లోనే వస్తుంది. 5-ఎఫ్‌యూ, కాపెసిటబిన్‌కి ముందు డీపీడీ లోపం చూడమని యూరప్ మందుల ఏజెన్సీ 2020లో చెప్పింది. ఒక కాపీ పాడైతే సగం డోసుతో మొదలుపెడతారు. కీమో డేట్ ఇచ్చాక కాదు, ఇచ్చేముందు ఈ మాట అడగండి, రిజల్ట్ రావడానికి టైమ్ పడుతుంది.

రిపోర్ట్ చూపిస్తే డాక్టర్ గారు పక్కన పెట్టేశారు, ఎందుకు?

ఆయన ఓపీలో మీ వెనక ఇంకా ముప్పై మంది ఉంటారు, మీరు వాట్సాప్‌లో 24 పేజీల పీడీఎఫ్ చూపించారు, అందులో పనికొచ్చే రెండు లైన్లు 17వ పేజీలో ఉన్నాయి. తప్పు ఎవరిదంటారు? అమెరికాలో సెయింట్ జూడ్, వాండర్‌బిల్ట్ లాంటి హాస్పిటళ్లలో రిజల్ట్ హాస్పిటల్ సాఫ్ట్‌వేర్‌లోకే వెళ్తుంది, డాక్టర్ ఆ మందు టైప్ చెయ్యగానే హెచ్చరిక వస్తుంది. అలా రావాలంటే రిజల్ట్ పీడీఎఫ్‌లా కాకుండా కంప్యూటర్ చదవగలిగే కోడ్ రూపంలో, అందరూ ఒప్పుకున్న పదాలతో ఉండాలి. 2017లో సీపిక్ ఆ పదాల లిస్ట్ ఖరారు చేసింది, "ఎక్స్‌టెన్సివ్ మెటబొలైజర్" అని ఎవరికీ అర్థం కాని పేరు తీసేసి "నార్మల్" అని పెట్టింది కూడా అప్పుడే. మన దగ్గర అంతవరకు రాలేదు కాబట్టి మీరే ఒక కాగితం మీద జీన్ పేరు, స్టార్ నంబర్లు, జాగ్రత్తపడాల్సిన మందులు రాసి ప్రిస్క్రిప్షన్ ఫైల్లో మొదటి పేజీగా పెట్టుకోండి.

డబ్బు కట్టేముందు ల్యాబ్‌ని ఏం అడగాలి?

ఏ జీన్లు, ఒక్కో జీన్‌లో ఏయే తేడాలు చూస్తారో లిస్ట్ ఇవ్వమనండి. సివైపి2డి6 ఉంటే కాపీలు లెక్కపెడతారా అని, అజాథియోప్రిన్ కోసమైతే నుడ్‌టీ15 ఉందా అని. రిపోర్ట్‌లో స్టార్ నంబర్లు రాస్తారా, ఏ గైడ్‌లైన్ ఏ సంవత్సరం వెర్షన్ వాడారో రాస్తారా. లిస్ట్ కంపెనీ సీక్రెట్ అంటే వేరే ల్యాబ్ చూసుకోండి. 200 మందులు కవర్ చేస్తాం అన్నది గొప్ప కాదు, గట్టి రుజువున్న జీన్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే.

ఒకసారి చేయిస్తే జీవితాంతం పనికొస్తుందా?

జీన్ మారదు, దాని పనితనం మాత్రం వేరే మందులతో తాత్కాలికంగా మారొచ్చు. పుట్టుకతో సివైపి2డి6 నార్మల్ ఉన్న మనిషి ఫ్లూఓక్సెటిన్ గానీ పారోక్సెటిన్ గానీ (రెండూ డిప్రెషన్ మందులే) వాడుతున్నంతకాలం పూర్ మెటబొలైజర్‌లాగే ఉంటారు, రొమ్ము క్యాన్సర్‌కి టామోక్సిఫెన్ వాడే ఆడవాళ్ల విషయంలో ఇది ముఖ్యం, ఆ మందు సరిగ్గా పనిచెయ్యాలంటే సివైపి2డి6 కావాలి. లివర్ మార్పిడి అయినవాళ్ల రక్తంలో తీసిన డీఎన్ఏ మీదే గానీ మందు నడిపే లివర్ దాతది. బోన్ మ్యారో మార్పిడి అయితే తిరగేసి, రక్తంలో డీఎన్ఏ దాతది, లివర్ మీది. ఇలాంటి ఆపరేషన్ ఏదైనా జరిగి ఉంటే శాంపిల్ ఇచ్చేటప్పుడే ఫారం మీద రాయండి, అందులో ఆ కాలమ్ లేకపోయినా సరే.